థైరాయిడ్ ఉంటే సోయా తినొచ్చా? సోయా పాల నుంచి క్యాప్సూల్స్ దాకా రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు టేబుల్ మీద సోయా పాలు, టోఫు, మీల్ మేకర్, సోయా ప్రోటీన్ పౌడర్, ఐసోఫ్లేవోన్ (సోయాలో సహజంగా ఉండే ఒక రకం పదార్థం) క్యాప్సూల్స్ ఉన్నాయి. రుచి సంగతి పక్కన పెడదాం. థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఇవి పనికొస్తాయా లేదా, అదే చూద్దాం.

"థైరాయిడ్ ఉందా? అయితే సోయా ముట్టుకోకు" అని చాలామంది చెబుతుంటారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. 1950ల చివర్లో, 60ల మొదట్లో సోయా పిండితో చేసిన పాలపొడి తాగిన కొందరు పసిపిల్లలకి గాయిటర్, అంటే మెడ దగ్గర వాపు వచ్చింది. ఆ పొడిలో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక సమస్య దాదాపు పోయింది. సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లు థైరాయిడ్ హార్మోన్‌ తయారీకి కావాల్సిన ఎంజైమ్‌ని ల్యాబ్‌లో అడ్డుకుంటాయి, అది నిజం. కానీ అయోడిన్ సరిపడా అందుతున్న పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్స్‌లో సోయా వల్ల థైరాయిడ్ హార్మోన్లయిన టీ3, టీ4 తగ్గలేదు. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, పెరిగినా కొద్దిగానే. అందుకే టోఫు, మీల్ మేకర్ మామూలుగా కూరలో తినేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదని నా అభిప్రాయం. కానీ ఉప్పు మానేసినవాళ్లు, అయోడిన్ లేని ఉప్పు వాడేవాళ్లు ముందు అయోడిన్ సంగతి చూసుకోండి.

అసలు చిక్కు మీ మాత్రతో ఉంది. థైరాయిడ్ తక్కువైనవాళ్లు వేసుకునే లీవోథైరాక్సిన్ మాత్ర చిన్నపేగులో ఒంటికి పట్టాలి. సోయా తోడైతే అది సరిగా పట్టదు. పొద్దున్నే మాత్ర వేసుకుని, వెంటనే సోయా పాలతో కాఫీ తాగేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి! పైగా చాలా సోయా పాలల్లో కాల్షియం కలుపుతారు, డబ్బా వెనక చదవండి. కాల్షియం కూడా ఈ మాత్రని అడ్డుకుంటుంది, దానికి నాలుగు గంటల ఎడం ఉండాలని డాక్టర్లు చెబుతారు. సోయాకి కూడా అదే ఎడం పాటిస్తే నిశ్చింత. మాత్ర పరగడుపున మంచినీళ్లతో, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు. సోయా మధ్యాహ్నమో రాత్రో.

ఇంకో మాట, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. రోజూ సోయా తినే అలవాటుంటే మీ డోసు ఆ తిండికి తగ్గట్టే కుదిరి ఉంటుంది. ఉన్నట్టుండి మానేసినా, కొత్తగా రోజూ మొదలుపెట్టినా లెక్క మారొచ్చు. అలా మార్చినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించుకోండి. డోసు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

ప్రోటీన్ పౌడర్‌కీ మాత్రతో అదే నాలుగు గంటల ఎడం. సోయా సాస్, సోయా నూనె గురించి అడుగుతుంటారు, వాటిలో ఐసోఫ్లేవోన్లు లేనట్టే, వాటి గురించి కంగారు అక్కర్లేదు.

ఇక క్యాప్సూల్స్. వీటికి నా రివ్యూలో మార్కులు లేవు. కూరలో తినే సోయా వేరు, ఐసోఫ్లేవోన్లని విడిగా తీసి క్యాప్సూల్‌లో నింపినది వేరు. ముఖ్యంగా రిపోర్టులో సబ్‌క్లినికల్ హైపోథైరాయిడ్ అని ఉంటే, అంటే టీఎస్‌హెచ్ పెరిగి టీ4 ఇంకా నార్మల్‌గా ఉంటే, జాగ్రత్త. 2011లో వచ్చిన ఒక స్టడీలో అలాంటి 60 మందికి రోజుకి 16 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు 8 వారాలు ఇస్తే, ఆరుగురికి పూర్తి హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువైపోయే స్థితి, వచ్చింది. చిన్న స్టడీయే, కానీ నేనైతే మా ఇంట్లోవాళ్లకి ఈ డబ్బా కొనివ్వను. మెనోపాజ్ ఇబ్బందులకి వాడుతున్నవాళ్లు ఉంటే, ఈ డబ్బా తీసుకెళ్లి మీ థైరాయిడ్ డాక్టర్‌కి చూపించండి.