విదేశీ సిరీస్‌లు చేజారేది చివరి మూడు వికెట్ల దగ్గరే

[తెర మీద అక్షరాలు: మెల్‌బోర్న్, 2024 డిసెంబరు 29. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 91/6]

నమస్కారం. ఈ స్కోరు ఒకసారి చూడండి. సిరీస్ 1-1తో సమంగా ఉంది. బుమ్రా బంతి అందుకుంటే చాలు, వికెట్ పడుతోంది. ఆ ఆదివారం ఉదయం గుంటూరు అరండల్‌పేటలో టీ తాగుతూ ఫోన్లలో మ్యాచ్ చూస్తున్నవాళ్లందరికీ మనమే గెలుస్తామన్న ధీమా వచ్చేసింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియా 234 దాకా వెళ్లింది. లయన్, బోలండ్ కలిసి ఆఖరి వికెట్‌కు 61 పరుగులు జోడించారు. 340 లక్ష్యంతో దిగిన మనవాళ్లు 155కే కుప్పకూలారు. చివరికి సిరీస్ 3-1తో పోయింది.

మర్నాడు చర్చ అంతా రోహిత్, కోహ్లీల మీదే నడిచింది. ఆ 61 పరుగుల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఈ వీడియో దాని గురించే.

[తెర మీద: ఎడ్జ్‌బాస్టన్, 2018. ఇంగ్లాండ్ 87/7]

2018లో టెస్టుల్లో నంబర్ వన్ జట్టుగా ఇంగ్లాండ్ వెళ్లాం. మన గుంటూరు వాడైన ఎమ్మెస్కే ప్రసాద్ అప్పుడు సెలెక్షన్ కమిటీ ఛైర్మన్. తొలి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 87 పరుగులకే ఏడు వికెట్లు తీశాం. అప్పుడు శామ్ కరన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు 63 కొట్టి స్కోరును 180కి చేర్చాడు. మనం ఓడింది 31 పరుగుల తేడాతో. సౌతాంప్టన్‌లోనూ ఇదే వరస. 86/6 నుంచి ఇంగ్లాండ్ 246 చేసింది. మళ్లీ కరనే, ఈసారి 78. అక్కడ 60 పరుగుల తేడాతో ఓడాం. కోహ్లి 593 పరుగులు చేసిన సిరీస్ అది, అయినా 4-1తో పోయింది. ఒక బ్యాటర్ అంతకన్నా ఏం చేయగలడు?

2020 వెల్లింగ్టన్ కథ కూడా ఇదే. న్యూజిలాండ్ 225/7 నుంచి 348కి చేరింది.

ఆరుగాలం కష్టపడి పంట పండించి, తీరా కల్లం దగ్గర గింజలు వదిలేసినట్టుంది మన పని.

ఇలా ఎందుకు జరుగుతోంది? మొదట మన బ్యాటింగ్ సంగతి చూద్దాం. స్వదేశంలో మనకు తోక, అంటే బ్యాటింగ్ అంతగా రాని చివరి వరుస, కనబడదు. 2024 సెప్టెంబరులో చెన్నైలో బంగ్లాదేశ్ మీద 144/6 దగ్గర ఉన్నాం. అశ్విన్ 113, జడేజా 86, ఇద్దరూ కలిసి 199 పరుగులు జోడించారు. ఇక్కడి పిచ్‌ల మీద స్పిన్నర్లే వికెట్లు తీస్తారు, ఆ స్పిన్నర్లకే బ్యాటింగూ వచ్చు. విమానం ఎక్కగానే ఈ వెసులుబాటు పోతుంది. స్పిన్నర్ ఒక్కడే మిగులుతాడు. మిగతా చోట్లలో పేసర్లు రావాలి, వాళ్లలో ఎక్కువమందికి బ్యాటింగ్ రాదు. ఎదుటి జట్టులో తొమ్మిదో నంబరు ఆటగాడు ముప్పై పరుగులు చేస్తుంటే, మనకు ఏడో వికెట్ పడగానే ఇన్నింగ్స్ ముగిసిపోతోంది.

[కెమెరా చేతిలోని బంతి దగ్గరికి]

ఇక బౌలింగ్. ఇది కూకబుర్రా బంతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో టెస్టులు దీంతోనే ఆడతారు. ఇక్కడ ఆరు వరుసల కుట్టు ఉంది. మధ్య రెండు వరుసలే చేత్తో కుట్టినవి, అటూ ఇటూ ఉన్న నాలుగూ యంత్రం కుట్టినవి. మన దేశంలో టెస్టులకు వాడే ఎస్జీ బంతికి ఆరు వరుసలూ చేత్తోనే కుడతారు. బొటనవేలితో తడిమి చూస్తే ఎస్జీ కుట్టు గట్టిగా తగులుతుంది. కూకబుర్రా కుట్టు కొన్ని ఓవర్లకే అణిగిపోతుంది. సరిగ్గా తోక క్రీజులోకి వచ్చే వేళకు బంతి మెత్తబడి, పేసర్లు అలసిపోయి ఉంటారు.

కెప్టెన్లు చేసే ఒక పని నాకు అసలు మింగుడుపడదు. కుదురుకున్న బ్యాటర్ కోసం ఫీల్డర్లందర్నీ బౌండరీ దగ్గరికి పంపి, అతనికి సింగిల్ ఇచ్చి, తోక బ్యాటర్‌కు ఒకటి రెండు బంతులు వేయడం. ఓవర్‌కు నాలుగైదు పరుగులు ఉచితంగా పోతాయి. పైగా ఆ ఒకటి రెండు బంతుల్లోనూ వికెట్ల మీదికి వేయకుండా బౌన్సర్లు వేస్తారు. ఆ భారం ఎవరి మీద పడుతుంది? మెల్‌బోర్న్ టెస్టు ఉన్న ఆ ఆస్ట్రేలియా సిరీస్‌లో బుమ్రా 32 వికెట్లు తీశాడు. సిడ్నీ టెస్టు చివరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి వెన్ను పట్టేసి ఒక్క బంతి కూడా వేయలేకపోయాడు. ఆస్ట్రేలియా 162 లక్ష్యాన్ని ఆరు వికెట్ల తేడాతో ఛేదించింది.

"పై వరుస బ్యాటర్లు ఆడితే ఈ గొడవే ఉండదు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ 2020లో అడిలైడ్‌లో 36కే ఆలౌటైన సిరీస్‌ను మనమే 2-1తో గెలిచాం. అదే సిరీస్‌లో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో 186/6 నుంచి శార్దూల్ 67, సుందర్ 62 చేసి మనల్ని 336కి చేర్చారు. 2021లో లార్డ్స్‌లో షమీ, బుమ్రా విడిపోకుండా 89 జోడించారు, ఆ మ్యాచ్ కూడా గెలిచాం. తోక నిలబడితే పై వరుస తప్పులు కూడా మాఫీ అవుతున్నాయి.

[దృశ్యం: సాయంత్రం, నెట్స్‌లో సాధన]

అసలు సమస్య ఇక్కడ మొదలవుతోంది. గుంటూరులో గానీ విజయవాడలో గానీ సాయంత్రం నెట్స్ దగ్గర ఒక గంట నిలబడి చూడండి. ముందు బ్యాటర్లు ఒకరి తర్వాత ఒకరు ప్యాడ్లు కట్టుకుంటారు. పేస్ వేసే పిల్లలు గంటసేపు పరుగెత్తి బంతులు వేస్తారు. వెలుతురు తగ్గాక, బంతి అరిగాక, "మీరూ కాసేపు ఆడండ్రా" అని కోచ్ వాళ్లను పిలుస్తాడు. వాళ్లు నాలుగు భారీ షాట్లు కొట్టేసి ఇంటికి వెళ్తారు. కొత్త బంతిని ఒంటి మీదికి రానిచ్చి వదిలేయడం, కాలు ముందుకు వేసి అడ్డుకోవడం వాళ్లకు ఎప్పుడు వస్తుంది? పైగా మన ఎండిన పిచ్‌ల మీద పేస్‌కు ఫలితం తక్కువ. రెండూ వచ్చిన కుర్రాడు పదిహేనేళ్లు వచ్చేసరికి పేస్ మానేసి బ్యాటింగ్ పట్టుకుంటాడు.

అలా మానేయని కుర్రాడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. మెల్‌బోర్న్‌లో అదే టెస్టులో నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో నంబరులో దిగి 114 చేశాడు. సుందర్‌తో కలిసి 127 జోడించాడు. అతను 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడి ఉంటే, సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులను అడ్డుకున్నాడు. ఆ మూడు బంతుల ఆట పాఠాన్ని ఏ అకాడమీలోనైనా బౌలర్లకు చూపించాలని నా కోరిక.

జిల్లా స్థాయి కోచ్‌లకు ఒక విన్నపం. వారంలో రెండు రోజులైనా మీ పేసర్లకే ముందు ప్యాడ్లు కట్టించండి. వాళ్లకు కొత్త బంతే వేయించండి. భారీ షాట్ కొడితే అవుటైనట్టే లెక్కపెట్టండి.