టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చిందా? ఆ రిపోర్టు అబద్ధం ఆడుతుండొచ్చు!

నమస్తే. సీదా విషయంలోకి వస్తా. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, రక్తపరీక్షలో చూసేది దాన్నే. అది నార్మల్ వచ్చినంత మాత్రాన మీ థైరాయిడ్ మంచిగున్నట్టు కాదు. మళ్లీ చెప్తున్నా, కాదు!

పోయిన వీడియోలో ఈ ముక్క అన్నందుకే కదా ఇంత గొడవ? "టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, మిగతాదంతా ల్యాబుల దందా" అని ఒక డాక్టర్‌గారు నా మీద ఏకంగా వీడియో పెట్టారు. సార్, దందా విషయంలో మీతో నాకు పేచీ లేదు. నల్గొండ క్లాక్ టవర్ చుట్టూ ఒక రౌండ్ కొడితే చాలు, ఫుల్ బాడీ చెకప్ ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. మామూలు థైరాయిడ్ జబ్బును పట్టుకోవడానికి టీఎస్‌హెచ్ మంచి టెస్టే, ఒప్పుకుంటా. కానీ మీ వీడియో మొత్తంలో ఒక్క పేరు రాలేదు. పిట్యూటరీ!

టీఎస్‌హెచ్ పుట్టేది థైరాయిడ్‌లో కాదు, మెదడు అడుగున ఉండే ఈ పిట్యూటరీ గ్రంథిలో. మన పాలమూరు మేస్త్రీని అనుకోండి. కూలీలు పని తగ్గిస్తే మేస్త్రీ అరుపు పెరుగుతుంది. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరిగేది అట్లనే. మరి మేస్త్రీకే గొంతు పోతే? అడ్డా మీద అరుపు వినపడదు. మీరు దూరం నుంచి విని "ఆహా, పని మంచిగ నడుస్తోంది" అనుకుంటారు. అక్కడ ఇటుక మీద ఇటుక పడదు! అంటే పిట్యూటరీ దెబ్బతింటే, థైరాయిడ్ మందగించినా టీఎస్‌హెచ్ పెరగదు, రిపోర్టు నార్మల్ అని రావొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కాన్పు టైంకు పిట్యూటరీ ఉబ్బి ఉంటుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే ఆ గ్రంథి చచ్చుబడొచ్చు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. షీహాన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1937లోనే రాసిపెట్టాడు. బాలింతకు పాలు పడవు. నెలసరి మళ్లీ రాదు. చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి. చలికి తట్టుకోలేరు, బీపీ తక్కువ, ఒంట్లో సోడియం తక్కువ, మంచం దిగాలంటే నీరసం. పాల సంగతి వెంటనే తెలుస్తుంది, మిగతావి చాలావరకు ఒక్కరోజులో రావు. ఏళ్ల తరబడి మెల్లగా వస్తాయి, అందుకే కాన్పుకూ ఈ నీరసానికీ ముడిపెట్టేవాళ్లే ఉండరు.

మా మేనత్తది దేవరకొండ దిక్కు. ఆఖరి కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతిలో. చాపలు తడిసిపోయేంత రక్తం పోయిందని మా నాయనమ్మ ఇప్పటికీ చెప్తది. పాలు పడలేదు, బిడ్డ బర్రె పాలతో పెరిగాడు. ఆ తర్వాత అత్తకు నెలసరి రానే లేదు. దవాఖానకు పోతే ఏమన్నారు? "ఫ్లోరైడ్ ఊరమ్మా మీది, ఒళ్లు నొప్పులు ఉంటాయి." మన జిల్లాలో ఇదొక రోగం! మోకాలు నొప్పయినా ఫ్లోరైడే, నీరసమైనా ఫ్లోరైడే. ఫ్లోరైడ్ మనల్ని నాశనం చేసింది నిజమే, కాదనను. కానీ ఆ పేరు చెప్పి ఇంకెన్ని జబ్బులను దాని ఖాతాలో రాస్తారు? ఆ తర్వాత థైరాయిడ్ టెస్టు రాశారు. టీఎస్‌హెచ్ నార్మల్. "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో." ఏం టెన్షన్ సార్, ఆమెకు టెన్షన్ పడే ఓపిక కూడా లేదు!

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తే మాత్రం రెండు రోజులు లేచి తిరిగేది. "ఆయన చేతిల మహిమ ఉంది" అని ఊరంతా నమ్మింది. మహిమా కాదు, మన్నూ కాదు, అది డెక్సా, స్టెరాయిడ్! పిట్యూటరీ పురమాయిస్తేనే ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ ఆమెకు లేదు, సూది ఆ లోటు పూడ్చింది. అంటే జబ్బు ఏందో ఆ సూదే చెప్తోంది, వినేవాళ్లు లేరు. పైగా ఆ సూదులు అదేపనిగా వేస్తే మంచిగున్నోళ్లకు కూడా కార్టిసాల్ తయారీ పడుకుంటది.

ఇంకా వినండి. చివరికి ఒకచోట టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టెస్టు కూడా చేశారు. బాగా తక్కువ. సంతోషించాం. వెంటనే థైరాయిడ్ గోలీ మొదలుపెట్టారు. కొన్నాళ్లకే వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, బీపీ అందలేదు. ఎందుకంటే పిట్యూటరీ దెబ్బతిన్నోళ్లకు ముందు కార్టిసాల్ లోటు చూడాలి. లోటుంటే ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, తర్వాతే థైరాక్సిన్, అంటే థైరాయిడ్ గోలీ ఇవ్వాలి. వరుస తిరగబడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది విని ఎవరూ సొంతంగా గోలీ ఆపొద్దు, కొత్తగా మొదలుపెట్టొద్దు, మీ డాక్టర్‌ను అడగండి.

హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది: "ఆఖరి కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా? పాలు పడ్డాయా?" అంతే! ఆ ప్రశ్నకు ఎంత ఖర్చు? సున్నా. పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ టెస్టు, ఫ్రీ టీ4 (ఉచితం అని కాదు, ఆ టెస్టు పేరే అది), తర్వాత ఎమ్మారై. పిట్యూటరీ ఉండాల్సిన చోట దాదాపు ఖాళీ. ఇప్పుడు అత్త రోజూ గోలీలు వేసుకుని చేను దాకా నడిచిపోతోంది. జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ డోసు పెంచాలని కూడా ఆమెకు తెలుసు.

నా అనుమానం చెప్తా, తిట్టండి. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్, గద్వాల దిక్కు ఇంటి కాన్పులు చూసిన తరం ఆడవాళ్లు ఇప్పుడు నలభై, యాభై దాటారు. వాళ్లలో ఎంతమంది "ఫ్లోరైడ్", "రక్తం తక్కువ", "ముట్టు త్వరగా ఆగింది" అనే పేర్ల కింద దాగి ఉన్నారో! కశ్మీర్‌లో 2005లో అచ్చయిన ఒక సర్వేలో, ఇరవై దాటి పిల్లలను కన్న ఆడవాళ్లలో దాదాపు 3 శాతం మందికి షీహాన్ ఉన్నట్టు అంచనా వేశారు, వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో కన్నవాళ్లే. మన దగ్గర ఇంటి కాన్పులు తక్కువుండేనా?

తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్బులు 2021లో నల్గొండకు, మహబూబ్‌నగర్‌కు, గద్వాలకు వచ్చాయి. మిషన్లు మంచియే. కానీ చిట్టీ మీద టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తే మిషన్ ఏం చేస్తది? అక్కలారా, మీ అమ్మనో అత్తమ్మనో ఇయ్యాల రాత్రే అడగండి, ఆఖరి కాన్పు సంగతి. రక్తం బాగా పోయి, పాలు పడక, నెలసరి ఆగిపోయి ఉంటే, ఆ మూడు ముక్కలు కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టండి.

ఇక నా మీద వీడియో చేసిన డాక్టర్‌గారూ, మళ్లీ చేస్తారని తెలుసు, చేయండి. కానీ దానికి ముందు, టీఎస్‌హెచ్ నార్మల్ అని మీరు ఇంటికి పంపిన ఆడవాళ్ల ఓపీ చిట్టీలు తీసి చూడండి. కాన్పు గురించి అడిగినట్టు ఒక్కదాని మీదైనా రాసి ఉంటే, కెమెరాకు చూపించండి సార్.