పీపాల పందెపు గుర్రం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. మీలో ముగ్గురు నలుగురు ఈ నెలలో నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు: "మా పాప బారెల్ రేసింగ్ అంటోందండీ, గుర్రం కొనడం సరే, దాన్ని పోషించడం మనవల్ల అవుతుందా?" మాది రెండు జీతాల సంసారం. ఇంటి లోను ఉంది, కారు లోను ఉంది. మా అమ్మాయి ఆరేళ్ళుగా ఒకే గుర్రం మీద పరుగు తీస్తోంది. అవుతుంది అని చెప్పడానికే వచ్చాను. అయితే ఎక్కడ చెయ్యి బిగించాలో, ఎక్కడ బిగించకూడదో తెలిస్తేనే అవుతుంది. అది మేం నేర్చుకునేలోపు మా గుర్రం చాలా నొప్పి పడింది.

బారెల్ రేసింగ్, అంటే ఈ పీపాల పందెం, చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మూడు పీపాలు త్రికోణంగా పెడతారు. మొదటి రెండింటి మధ్య 90 అడుగులు, ఆ రెండింటి నుంచీ మూడోదానికి 105 అడుగులు. గుర్రం దూసుకొచ్చి ఒక్కో పీపానీ చుట్టి, మూడోది కాగానే వచ్చిన దారినే వెనక్కి దౌడు తీస్తుంది. పీపా పడితే 5 సెకన్లు కలుపుతారు. మంచి గుర్రానికి మొత్తం పరుగు 17 సెకన్ల చుట్టుపక్కల. కుడివైపు పీపాతో మొదలుపెడితే ఒక మలుపు కుడికి, రెండు మలుపులు ఎడమకి. వెయ్యి పౌన్ల పైబడిన శరీరం అంత వేగంలో ఆగి, వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు వంగి, తిరిగి లేస్తుంది. ఆ బరువంతా అరచేతంత డెక్కల మీద, చిటికెన వేలంత స్నాయువుల మీద పడుతుంది. గుర్రాన్ని చూసేటప్పుడు ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

గుర్రం ఖరీదు గురించి ఎక్కువ చెప్పను. ఒక్క పేరు చెబుతాను, స్కాంపర్. న్యూమెక్సికోలో పశువుల్ని మేపి బలిపించే ఫీడ్‌లాట్‌లో పనిచేసిన గుర్రం, 1,100 డాలర్లకు కొన్నారు. దాని మీద షార్మేన్ జేమ్స్ అనే అమ్మాయి 1984లో, 14 ఏళ్ళ వయసులో, ప్రపంచ టైటిల్ గెలిచింది. 1993 వరకు వరుసగా పది టైటిళ్ళు. 1985 జాతీయ ఫైనల్స్‌లో పరుగు మధ్యలో కళ్ళెం ఊడిపోయినా ఆ గుర్రం పీపాలన్నీ చుట్టి ఆ రౌండు గెలిచింది. ఆ కథ అందరూ చెప్పుకుంటారు. నన్ను ఆశ్చర్యపరిచేది వేరే లెక్క. స్కాంపర్ పుట్టింది 1977లో. పదో టైటిల్ నాటికి దానికి 16 ఏళ్ళు. అన్నేళ్ళు కుంటకుండా నిలబడటం కంటే గొప్ప వేగం నాకు తెలియదు.

ఇక తిండి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు, నెలనెలా ఖర్చు ఇక్కడే. దాణా బస్తా మీద బొమ్మ చూసి కొనకండి. గుర్రానికి తిండి అంటే ముందు గడ్డి. రోజుకు దాని బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం. బరువు తెలుసుకోవడానికి పెద్ద కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక పొట్ట చుట్టూ ఎన్ని అంగుళాలో కొలిచి, ఆ అంకెను దానితోనే హెచ్చించండి. భుజం మొన నుంచి పిరుదు మొన వరకు ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 330తో భాగించండి. మావాడు, అంటే మా గుర్రం, చుట్టుకొలత 75, పొడవు 64. లెక్క వేస్తే 1,091 పౌన్లు. అంటే రోజుకు 22 పౌన్ల దాకా గడ్డి. విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచుకునే కొక్కెం త్రాసు మనందరి ఇళ్ళలోనూ ఉంది కదా, గడ్డి వలను దానికే తగిలించి తూస్తాం. మొదటిసారి తూచినప్పుడు తెలిసింది, ఒకే ధరకు కొన్న బేళ్ళలో ఒకటి 62 పౌన్లు, ఇంకోటి 44. అప్పటి నుంచి బేలు లెక్కన కాక బరువు లెక్కన బేరం చేస్తున్నాం.

మన టెక్సస్‌లో చవగ్గా దొరికేది కోస్టల్ బెర్ముడా అనే గడ్డి. మంచిదే. కాకపోతే మరీ సన్నటి పోచలు ఒక్కసారిగా ఎక్కువ తిని, నీళ్ళు తక్కువ తాగితే చిన్నపేగు చివర ఆ గడ్డి ముద్దకట్టి కడుపునొప్పి వస్తుంది. దాన్నే ఇక్కడ కోలిక్ అంటారు. ఒక్క కోలిక్ ఆపరేషన్ ఖర్చుతో ఇంకో గుర్రం కొనొచ్చు. అందుకే కొత్త గడ్డిని పదిరోజుల పాటు పాతదానిలో కలిపి అలవాటు చేయండి. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. రోజుకు రెండు టేబుల్ స్పూన్ల మామూలు ఉప్పు వేయండి. రంగురంగుల ఎలక్ట్రోలైట్ డబ్బాలు చాలావరకు అదే పని చేస్తాయి.

మన పాడి రైతులు లూసర్న్ అనే గడ్డినే ఇక్కడ అల్ఫాల్ఫా అంటారు. దాన్ని మందులా వాడతాం. గుర్రం తిన్నా తినకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, నమిలేటప్పుడు ఊరే లాలాజలమే దానికి విరుగుడు. ఖాళీ కడుపుతో దౌడు తీస్తే ఆమ్లం పైకి ఎగసి, రక్షణ లేని పై గోడకు తగిలి పుళ్ళు పడతాయి. కాబట్టి జీను వేయడానికి అరగంట ముందు రెండు గుప్పెళ్ళ అల్ఫాల్ఫా. ట్రైలర్‌లోనూ వల నిండా గడ్డి. పుండు పడ్డాక నెలరోజుల మందుకు అయ్యే డబ్బుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కొనేటప్పుడు మాత్రం బ్లిస్టర్ బీటిల్ అనే పురుగు గురించి రైతును అడగండి. చచ్చి ఎండిన పురుగులో కూడా గుర్రాన్ని చంపేంత విషం ఉంటుంది. సాధారణంగా మొదటి కోతలో ఆ భయం తక్కువ.

టీకాలు, పళ్ళు, నట్టల సంగతి తొందరగా చెప్పేస్తాను. ధనుర్వాతం, వెస్ట్ నైల్, మెదడువాపు, రేబిస్ టీకాలు ఏటా తప్పవు. పళ్ళు ఏడాదికోసారి చూపించాలి. నట్టల మందు మాత్రం రెండు నెలలకోసారి గుడ్డిగా పోయకండి. ముందు పేడ పరీక్ష చేయించండి. గ్రాముకు 200 లోపు గుడ్లుంటే ఆ గుర్రానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. డబ్బూ మిగులుతుంది, మందుకు నట్టలు మొండికేయవు.

ఇప్పుడు మేం చేసిన తప్పు. నాలుగేళ్ళ కిందట మావాడు మొదటి పీపా దగ్గర తిరగకుండా ముందుకు జారిపోవడం మొదలుపెట్టాడు. తలోమాట చెప్పారు. నోటి కడ్డీ మార్చమన్నారు. వెనక కీళ్ళలో సూది వేయించమన్నారు. ఒకరు కీళ్ళ పొడి డబ్బా ఇచ్చారు, అయిపోగానే ఇంకోటి కొన్నాం, ఆ తర్వాత ఇంకోటి. ఐదు నెలలు. మా అమ్మాయి అయితే "వాడికి నా మీద కోపం వచ్చిందమ్మా" అని ఏడ్చేది. చివరికి కుంటు పరీక్షలో అనుభవమున్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె గట్టినేల మీద చిన్న వలయంలో ట్రాట్, అంటే మెల్లటి పరుగు, చేయించింది. తల కొద్దిగా పైకి లేస్తోంది, చూడండి అంది. అప్పటిదాకా మాకు కనపడనేలేదు. కుడి ముందుకాలి మడమ దగ్గర మత్తు సూది వేసి పది నిమిషాలు ఆగింది. మళ్ళీ పరిగెత్తిస్తే అదే గుర్రం ఆ కాలు నిబ్బరంగా వేసింది. ఎక్స్‌రేలో డెక్క ముందుభాగం పొడుగ్గా సాగి, మడమలు కుంగి, అరికాలు పలచబడి కనిపించింది.

కారణం మేమే. లాడాలు కొట్టే ఫారియర్‌ను ఆరు వారాలకు పిలవాల్సింది, డబ్బు కలిసొస్తుందని తొమ్మిది పది వారాలకు లాగాం. డెక్క ముందుకు సాగేకొద్దీ అడుగు తీసేటప్పుడు వెనక స్నాయువు మీద లాగుడు పెరుగుతుంది. నెలకు మహా అయితే అంగుళంలో మూడో వంతు పెరిగే డెక్క అది. పైనుంచి కిందిదాకా కొత్త డెక్క దిగడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పందేలు లేవు. పిల్ల ట్రాక్ పక్కన నిలబడి స్నేహితురాళ్ళకు చప్పట్లు కొట్టింది. ఫారియర్ దగ్గర మిగిల్చిన డబ్బు ఎంతో, పోయింది ఎంతో లెక్కవేసిన కాగితం ఇప్పటికీ మా గుర్రపుశాల తలుపుకు అంటించే ఉంది. ఇప్పుడు ఐదు వారాలకే పిలుస్తాం. పొడి డబ్బాలు మానేశాం. నొప్పి ఎక్కడో తెలియకుండా మందు కొనొద్దు. నొప్పి మాత్రలిచ్చి పరిగెత్తించడం మరీ ఘోరం. బ్యూట్ అనే నొప్పి మందు ఎక్కువైతే కడుపులో పుళ్ళు, కిడ్నీలకు చేటు. దానికితోడు గుర్రం చెబుతున్న మాట మనకు వినపడకుండా పోతుంది.

శ్రమ సంగతి. పీపాల చుట్టూ రోజూ వేగంగా తిప్పితే గుర్రం తయారు కాదు, అరిగిపోతుంది. మాకు వారంలో నాలుగు రోజుల స్వారీ. రెండు రోజులు పొలం గట్టున నలభై నిమిషాలు నడక, ట్రాట్. ఒకరోజు వాలు ఎక్కించి దింపడం. ఒకరోజు పీపాల దగ్గర నెమ్మదిగా, రెండువైపులా సమానంగా తిప్పడం, చివర్లో ఒక్క నేరు దౌడు. దీనికి పెట్రోలు ఖర్చు కూడా లేదు. విశ్రాంతి నుంచి వచ్చిన గుర్రం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగవుతుంది. కండ తర్వాత. ఎముక, స్నాయువు గట్టిపడటానికి నెలలు కావాలి, ఎందుకంటే స్నాయువుకు రక్తం అందేదే తక్కువ. ఆరో వారంలో గుర్రం కుర్రకారులా ఎగురుతుంది, పిల్లలు ఇక పరిగెత్తిద్దాం అంటారు. సరిగ్గా అప్పుడే స్నాయువు తెగుతుంది. పిల్లల్ని ఆపాల్సింది మనమే.

ఎండాకాలంలో ఇంకో లెక్క. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలపండి. 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే జీను దించేయండి. వేడెక్కిన గుర్రం మీద చల్లటి నీళ్ళు పోస్తే కండ పట్టేస్తుందని భయపెడతారు, నమ్మకండి. ఆపకుండా ఒళ్ళంతా పోయండి.

మైదానం నేల బాగా లేకపోతే ఫీజు కట్టేసినా సరే పరుగు మానుకోండి. పందెం ముందు మా అమ్మాయి బూటు మడమతో నేల తవ్వి చూస్తుంది. పైన మెత్తగా, కింద సిమెంటులా తగిలితే జీను విప్పేస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ నిర్ణయం తనంతట తానే తీసుకుంటుంది. ట్రోఫీల కంటే నాకు అదే ఎక్కువ గర్వం.

మాటలు చాలు. మావాడు బయట చెట్టు కింద కట్టేసి ఉన్నాడు. ఇద్దరిద్దరు చొప్పున రండి, పక్కనుంచి, మాట్లాడుతూ రండి. చీలమండ వెనక, రెండు పక్కలా, వేలు పెడితే సన్నటి తాడులాంటిది జారుతుంది, అక్కడే నాడి. బాగున్న కాలికి అది దొరకడమే కష్టం, గట్టిగా కొట్టుకుంటోందంటే డెక్కలో వాపు ఉన్నట్టు. తర్వాత అరచెయ్యి డెక్క మీద పెట్టి, నాలుగూ ఒకే వేడి ఉన్నాయో లేదో చూడండి. రోజూ పొద్దున జీనుకంటే ముందు ఇదే చేస్తాం, నాలుగు నిమిషాల పని. పిల్లల్ని ముందు రానివ్వండి, వాళ్ళ వేళ్ళకు తొందరగా దొరుకుతుంది.