ఎలుక కాల్లో మనిషి కండ

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల సౌండుకి వెనకాల వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతా. నేను జువాలజీ చెప్పేవాణ్ణి, డాక్టర్ని కాదు, ముందే ఎందుకు చెప్తున్నా అంటే ఇందాక మెట్ల దగ్గర ఒకాయన వాళ్ళ పిల్లోడి రిపోర్టులు తీసి చూపించినాడు, వాటిని చూసి నేను ఏదో ఒకటి చెప్పేస్తే తప్పు. నాకు తెల్సింది ఒకటే, కండరాల జబ్బుల మీద పని చేసేవాళ్ళు మనిషి కండ తీసి ఎలుక కాల్లో పెంచుతున్నారు, అది ఎందుకో, ఎట్లనో చెప్పి కూర్చుంటా. ఈ మాట ఇంట్లో చెప్తే మా అమ్మ "థూ, అదేం పనిరా" అనింది. మీలో కూడా సగం మందికి అట్లనే ఉంటుంది, పర్లేదు.

ముందు, మందులు పరీక్షించడానికి మామూలు ఎలుకలు ఎందుకు చాల్లేదో చెప్తా. డూషెన్ అని ఒక జబ్బు, ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది. పిల్లోడు కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఊనుకుంటూ లేస్తాడు, పిక్కలు లావుగా ఉంటాయి, ఊర్లో అయితే వీడు బలంగా ఉన్నాడే అనుకుంటారు, కానీ ఆ లావు బలం కాదు. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒంట్లో తయారు కాకపోవడం వల్ల వచ్చేది ఇది. 1984లో ఎండీఎక్స్ అని ఒక ఎలుక జాతి దొరికింది, దానికీ ఆ ప్రొటీన్ లేదు, ఇంకేముంది మందు దొరికినట్లే అనుకున్నారు. కానీ మందు వాడకపోతే మన పిల్లోడు పది పన్నెండేళ్ళకల్లా వీల్‌చైర్‌లోకి వచ్చేస్తే ఆ ఎలుక మాత్రం చాలాకాలం పరిగెత్తుతూనే ఉంటుంది! దాని కండ పాడైనట్లే పాడై మళ్ళీ మళ్ళీ బాగు చేసుకుంటుంది. అట్లాంటి ఎలుకలో బాగా పనిచేసిన మందు మనిషిలో పనిచేస్తుందని ఎవరు గ్యారంటీ ఇస్తారు?

ఇంకో జబ్బు ఇంతకంటే చిక్కు. ఎఫ్ఎస్‌హెచ్‌డీ అంటారు, ముఖం, భుజాలు, జబ్బల కండలు పోతాయి. ఈల వేయలేరు, స్ట్రాతో కూల్‌డ్రింక్ పీల్చలేరు, నిద్రలో కళ్ళు పూర్తిగా మూసుకోవు, తీగ మీద బట్టలు ఆరేద్దామంటే చెయ్యి పైకి రాదు, వెనక నుంచి చూస్తే భుజం ఎముక రెక్క మాదిరి లేచి ఉంటుంది. నాలుగో క్రోమోజోమ్ చివర్లో ఒకే ముక్క వరసగా రిపీట్ అవుతూ ఉంటుంది, మామూలుగా 11 నుంచి 100 దాకా. ఈ జబ్బున్న వాళ్ళలో ఎక్కువ మందికి 10 లేదా అంతకంటే తక్కువే ఉంటాయి. తగ్గినప్పుడు, క్రోమోజోమ్ చివర కూడా ఒక రకంగా ఉంటే, నిద్రపోవాల్సిన డక్స్4 అనే జీన్ కండలో లేచి కూర్చుంటుంది, అదే కండని చంపేది. ఇది 2010లో తేలింది. తమాషా ఏమంటే డక్స్4 కోతి జాతుల్లోనూ మనిషిలోనూ ఉండేది, ఎలుకలో లేదు. ఎలుకకి దానిదే ఇంకో జీన్ ఉంది గానీ అది ఇది కాదు. జీనే లేని చోట జబ్బు ఎట్ల వెతుకుతాం?

అందుకని కండనే తీసుకెళ్ళినారు. 2014లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, కెన్నెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్, జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు చేసిన పని చెప్తా. ముందు రోగనిరోధక శక్తి లేని ఎలుకని తీసుకున్నారు, ఒంటికి కాపలా కాసే టీ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు మూడూ లేవు, అంటే ఇంట్లోకి ఎవరొచ్చినా మొరగని కుక్క అనుకోండి. దానికి మత్తిచ్చి మోకాలి కింద ముందు వైపు కండ తీసేసి, ఆ ఖాళీలో మనిషి బయాప్సీలో, అంటే పరీక్ష కోసం కండ కోసి తీసినప్పుడు, వచ్చిన చిన్న ముక్క పెట్టి కుట్టేసినారు. అంతే.

మన అనంతపురంలో చీనీ అంటు కడతాం గదా, జంబేరి మొక్క మీద చీనీ మొగ్గ పెడితే వేరు జంబేరిది, కాయ చీనీది. చాలామంది ఇది కూడా అట్లనే అనుకుంటారు, నేనూ క్లాసులో మొదట అట్లనే చెప్పేవాణ్ణి. సగమే కరెక్టు. అంటు మొగ్గ బతికి పెరుగుతుంది, ఇక్కడ పెట్టిన కండ దాదాపు చచ్చిపోతుంది! రక్తం అందక కండలోని పోగులన్నీ పోతాయి. మరి మొలిచేది ఏంది? బుడ్డల చేను పీకేసినాక భూమిలో కొన్ని కాయలు మిగిలిపోతాయి చూడండి, చేను ఖాళీ అనుకుంటాం, వాన పడగానే ఎవరూ విత్తకుండానే మొలకలొస్తాయి. కండలో అట్లాంటి విత్తనాలు ఉన్నాయి, శాటిలైట్ కణాలంటారు, అలెగ్జాండర్ మౌరో అనే ఆయన 1961లో మైక్రోస్కోపులో చూసి చెప్పినాడు. పాత పోగులు పోయినాక ఆ మనిషి విత్తనాలే కొత్త పోగులు కడతాయి. ఎలుక రక్తనాళాలు లోపలికొస్తాయి, ఎలుక నరం వచ్చి మనిషి కండకి అతుక్కుంటుంది. జంబేరి వేరు పోలిక ఇక్కడ మాత్రం సరిపోతుంది. పోగులు గట్టిపడడానికి నెలలు పడుతుంది. అది మనిషిదేనా ఎలుకదా అని ఎట్ల తెలుస్తుందంటే, మనిషి ప్రొటీన్‌కి మాత్రమే అంటుకునే యాంటీబాడీ వేసి చూస్తారు.

ఎఫ్ఎస్‌హెచ్‌డీ పేషెంట్ల కండ అట్ల పెంచితే దాంట్లో డక్స్4 గుర్తులు కనపడినాయి. 2016లో ఆ జీన్ మాట నొక్కేసే మార్ఫోలినో అనే మందు ఆ కండలోకే ఎక్కించి చూస్తే డక్స్4 తగ్గింది. మందు మనిషి కండ మీదే పరీక్ష అయింది, ఏ మనిషికీ మందు ఎక్కించకుండా.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం 2022 నాటి పని. ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అని పెద్ద వయసులో వచ్చేది, కండలో ఒకవైపు రోగనిరోధక కణాలు దాడి చేస్తుంటాయి, ఇంకోవైపు టీడీపీ-43 లాంటి ప్రొటీన్లు చెదిరిపోయి ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక అని కొట్లాట. ఆ కండని ఎలుకలో పెడితే పేషెంటువి టీ కణాలు కూడా దాంతోపాటే వచ్చి బతికినాయి, ఎలుకకి సొంతవి లేవు గదా. అప్పుడు ఆ టీ కణాల్ని తీసేసి చూసినారు. రోగనిరోధక కణాల దాడి తగ్గింది, ప్రొటీన్ గోల మాత్రం పోలేదు. ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఈ జబ్బుకి ఎందుకు పెద్దగా పనిచేయవో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి, లేకుంటే అమ్మకానికొచ్చినట్లు ఉంటుంది. ముక్క చిన్నది. గుండె సంగతి, ఊపిరి కండరాల సంగతి దీంతో తెలీదు. విత్తనాలు అయిపోయిన ముసలి కండ సరిగ్గా మొలవదు. పైగా నరం ఎలుకది కాబట్టి, నరం వైపు నుంచి మొదలయ్యే జబ్బులకి ఇది పెద్దగా సరిపోదు.

ఇక ఇందాక మెట్ల దగ్గర ఆయన అడిగిన ప్రశ్న, "సార్, మా పిల్లోడి కండ కూడా అట్ల పనికొస్తుందా?" అని. బయాప్సీ చేసేది జబ్బు తెలుసుకోవడానికి, అది మన పని. మిగిలిన ముక్క పరిశోధనకి ఇవ్వొచ్చా అని ఎవరైనా అడిగితే వేరే కాగితం మీద సంతకం తీసుకోవాలి, అది తెలుగులో చదివించమని అడగండి, వద్దంటే వద్దనొచ్చు, ట్రీట్‌మెంట్‌కి దాంతో సంబంధం లేదు. ఆఁ, వెనకాలామె ఎప్పట్నుంచో చెయ్యెత్తింది, అడగమ్మా.