గోళ్లు కొరికే చేతికి, జుట్టు పీకే చేతికి మణికట్టు బ్యాండు

శ్రోతలకు నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో వింటున్న మీకందరికీ ఇవాళ రెండు అలవాట్ల గురించి, అవి మానడానికి సాయపడే మణికట్టు బ్యాండు గురించి చెప్తాం. ఒకటి గోళ్లు కొరకడం. రెండోది తలలోనో, కనుబొమల్లోనో వెంట్రుకలు పీకడం. మొదటిదానికి ఇంట్లో ‘దరిద్రం’ అని ఒక కసురు కసిరి ఊరుకుంటారు. రెండోదాన్ని దాచేస్తారు. పాపిడి పక్కకు తీసి, కొంగు కప్పుకుని, కాటుకతో కనుబొమ దిద్దుకుని ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చేవాళ్లున్నారు.

జుట్టు పీకే అలవాటు వందమందిలో ఒకరిద్దరికి ఉంటుంది. ఎక్కువమందికి 10 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఫ్రాన్సు చర్మవైద్యుడు అలోపో 1889లోనే దీనికి ట్రైకోటిల్లోమేనియా అని పేరు పెట్టాడు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ దీన్ని ఓసీడీ కుటుంబంలో చేర్చింది. ఓసీడీ అంటే వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. దిష్టి తీస్తే పోయేది కాదు. గుండు గీయించినా అంతే. జుట్టు వేళ్లకు చిక్కేంత పెరగ్గానే చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది.

బ్యాండు సంగతికి వచ్చేముందు ఒకటి తేల్చుకోవాలి. నెత్తిమీద ఖాళీ మచ్చ కనిపిస్తే చాలు, మన ఇళ్లలో పేనుకొరుకుడు అనేసి ఉల్లిరసం రుద్దుతారు. పేనుకొరుకుడు మచ్చ సాధారణంగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పీకిన చోట అంచులు వంకరటింకరగా ఉంటాయి. వేలితో నిమిరితే గరుకు తగులుతుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో వెంట్రుక ఒక్కో పొడవు. ఒకటి మధ్యలో తెగింది, ఒకటి అప్పుడే మొలిచింది, ఇంకొకటి కాస్త పెరిగింది. పొట్టు రాలుతుంటే తామర కావచ్చు. కాబట్టి మొదట చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

ఇక బ్యాండు. చూడ్డానికి చేతి గడియారంలాగే ఉంటుంది. లోపల కదలికను కొలిచే యాక్సిలరోమీటర్, కొన్నిటిలో చెయ్యి తిరగడాన్ని కొలిచే జైరోస్కోప్, సెల్‌ఫోన్లో ఉండేలాంటి చిన్న వైబ్రేషన్ మోటారు, చార్జింగ్ బ్యాటరీ ఉంటాయి. చెయ్యి ఏ భంగిమలోకి వెళ్తే బ్యాండు అదరాలో దానికి ముందు మనమే నేర్పాలి. ఆ తర్వాత చెయ్యి అటు పోయినప్పుడల్లా మణికట్టు దగ్గర జుయ్యిమంటుంది. అమెరికాలో హ్యాబిట్‌అవేర్ సంస్థ చేసిన కీన్ ఇలాంటిదే. కొన్ని స్మార్ట్‌వాచీలకు ఇదే పని చేసే యాప్‌లున్నాయి. అడుగులు లెక్కపెట్టే చవక ఫిట్‌నెస్ బ్యాండు మాత్రం ఇందుకు పనికిరాదు. కొనేముందు ‘చెయ్యి భంగిమ నేర్పే వీలుందా’ అని అడగండి. కొండ ఊళ్లలో సిగ్నల్ లేదని బెంగపడక్కర్లేదు. బ్యాండుకీ ఫోనుకీ మధ్య నడిచేది బ్లూటూత్. నేర్పిన భంగిమను బ్యాండే గుర్తుపెట్టుకునే రకమైతే ఫోను పక్కన లేకపోయినా ఫరవాలేదు.

దీని పరిమితి ఎక్కడుందో చెప్తాం, ఎక్కువమంది విసిగి బ్యాండు అటక ఎక్కించేది ఇక్కడే. ఆ యాక్సిలరోమీటరుకు మీ తల ఎక్కడుందో తెలీదు, నోరెక్కడుందో తెలీదు. భూమి ఆకర్షణ ఎటు లాగుతోందో, దాన్నిబట్టి మణికట్టు ఎంత వంపులో ఉందో, అంతే తెలుసు. గోరు నోటిదాకా పోయినా, పఖాళ చద్దన్నం ముద్ద నోటిదాకా పోయినా దానికి ఒకటే వంపు. అందుకే చేత్తో అన్నం తినే మనకు భోజనాల దగ్గర అది ఊరికే మోగుతూ ఉంటుంది. తలకు నూనె రాసుకున్నా, పూలు పెట్టుకున్నా, కొంగు సర్దుకున్నా అదే గోల. న్యూయార్క్‌లోని చైల్డ్ మైండ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వేడిని పసిగట్టే సెన్సర్లు కూడా జతచేస్తే చెయ్యి తలమీద ఏ చోట ఉందో మెరుగ్గా తెలుస్తుందని 2019లో ప్రచురించారు. మామూలుగా దొరికేవాటికి ఆ వసతి ఉండదనుకునే కొనండి. భోజనానికి, తల దువ్వుకోవడానికి కూర్చునేటప్పుడు ఆపేసి, చెయ్యి కడుక్కున్నాక మళ్లీ పెట్టుకోవడమే మార్గం.

వంపునే చూస్తుంది కాబట్టి నేర్పడంలో కూడా ఒక మెలకువ ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని నేర్పితే, రాత్రి మంచంమీద పడుకుని ఫోను చూస్తూ పీకేటప్పుడు అది ఉలకదు పలకదు. పడుకుంటే వంపు మారిపోతుంది కదా. అందుకే మొదటి వారం బ్యాండు జోలికి పోకుండా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ చెయ్యి, కూర్చునా పడుకునా, ఏం చేస్తూ, అప్పుడు మనసెలా ఉంది, అంతే రాయండి. వారం తిరిగేసరికి ఒకటి రెండు భంగిమలు, ఒకటి రెండు వేళలు తేలతాయి. పిల్లలకైతే అది తరచుగా పరీక్షల చదువు, టీవీ. ఆ భంగిమల్లోనే, అదే మంచంమీద, అదే తలగడతో నేర్పండి. నడినెత్తి వేరు, కనుబొమ వేరు, నోరు వేరు, ఒక్కోదాన్ని విడిగా నేర్పాలి. వెంట్రుక పట్టుకున్నాక నేర్పితే మోగేసరికి అది చేతిలో ఉంటుంది. చెయ్యి అక్కడికి చేరే క్షణాన్ని నేర్పండి.

పట్టీ మణికట్టు ఎముకకు కాస్త పైన, అటూ ఇటూ జారకుండా, రక్తం బిగబట్టకుండా ఉండాలి. వదులుగా ఉంటే లెక్క తప్పుతుంది. గాజులు దాన్ని నెడుతుంటే ఆ చేతికి గాజులు తగ్గించండి. ఎండాకాలం చెమటకు కింద దద్దురు లేస్తుంది కాబట్టి రోజూ తీసి తుడవండి. కుడిచేతికి పెడితే ఎడమచెయ్యి పని అందుకోవడం చాలా మామూలు. అలా జరిగితే రెండు బ్యాండ్లు కావాలి, లేదా నోటుపుస్తకం చెప్పిన చేతికి మార్చాలి. పొద్దస్తమానం మోగితే కొన్నాళ్లకు ఒళ్లు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. ప్రమాదం ఎక్కువున్న రెండు గంటలు పెట్టుకోవడం మేలు. మొదటి రోజుల్లో ఫోను యాప్‌లో చెయ్యి అటు పోయిన లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంతకుముందు లెక్కపెట్టినవాళ్లు లేరు, అందుకు.

మోగిన తర్వాతి నిమిషం గురించి ఎవరూ చెప్పరు, డబ్బు వృథా అయ్యేది అక్కడే. 1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక పద్ధతి ప్రచురించారు. ఈ రకం అలవాట్లకు మొదట చేయించే చికిత్స ఇప్పటికీ అదే. చెయ్యి కదిలిందని గమనించగానే, పీకడానికి వీల్లేని పని ఒకటి ఆ చేతికే అప్పగించాలి. పిడికిలి బిగించి చెయ్యి ఒంటికి ఆనించి ఉంచండి, లేదా రెండు చేతులూ తొడలమీద నొక్కిపట్టండి. ఒక నిమిషం నుంచి మూడు నిమిషాలు, కోరిక సద్దుమణిగేదాకా. బడిలోనూ బస్సులోనూ ఎవరికీ తెలియని పని ఎంచుకోండి. బ్యాండు కొనకముందే రోజూ పదిసార్లు దీన్ని సాధన చెయ్యండి. ఇది రాకపోతే బ్యాండు మోగుతుంది, మీరు నొక్కి ఆపుతారు, మళ్లీ పీకుతారు.

తెలియకుండా చెయ్యి పోయేవాళ్లకు బ్యాండు బాగా అక్కరకొస్తుంది. దిగులుతోనో, ఒక వెంట్రుక సరిగా లేదనో తెలిసే పీకేవాళ్లకు అంతగా పనిచెయ్యదు. వాళ్లు సైకియాట్రిస్టును గానీ, క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవాలి.

బ్యాండు కొనలేనివాళ్లు పీకే బొటనవేలికి, చూపుడువేలికి మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు చుట్టండి. వెంట్రుక జారిపోతుంది, టేపు తగలగానే గుర్తొస్తుంది. మువ్వల కడియం కూడా కొంత పని చేస్తుంది. గోళ్లకైతే వాటిని అరగదీసే చిన్న ఫైలు జేబులో ఉంచుకోండి. గరుకు అంచు నాలుక్కి తగిలితేనే పళ్లు దానిమీదికి పోతాయి, అరగదీస్తే ఆ సాకు ఉండదు. గోటి పక్క చర్మానికి రాత్రి కొబ్బరినూనె రాయండి. వేళ్లకు కారం పూయకండి, అదే చేత్తో కళ్లు నులుముకుంటారు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, జుట్టు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. రెండు వారాల్లో ఫలితం లేదని వదిలేస్తే తొందరపడ్డట్టే.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లదాని ఫోనులో లెక్క చూసి ‘ఇవాళ నలభైసార్లా’ అని నిలదీస్తే, రేపు బ్యాండు బ్యాగులో ఉంటుంది. ఇద్దరూ ఒప్పుకున్న చిన్న సైగ ఒకటి పెట్టుకోండి, అంతవరకే.

గోటి పక్కన ఎర్రగా వాచి చీము పడితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పీకిన వెంట్రుకలు మింగే అలవాటుంటే ఇంకా జాగ్రత్త. అవి అరగవు, కడుపులో ఉండ కడతాయి. రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, వాంతులు, పొట్టలో గట్టిగా తగలడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వెంట్రుకలు మింగుతున్నట్టు డాక్టరుకు దాచకుండా చెప్పండి.

బరంపురంలో ఎం.కె.సి.జి., కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. విశాఖ దగ్గరైనవాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రయాణానికి ముందు మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. మరోసారి రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఫోను చేసేటప్పుడు మీరు వారం రాసిన ఆ నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేవి అందులోనే ఉంటాయి. నమస్కారం.