మొక్కులోంచి పుట్టిన పేర్లు

సభలో ఉన్న పెద్దలకి, మిత్రులకి నమస్కారం.

మగపిల్లల పేర్లు, వాటి అర్థాల గురించి మాట్లాడమని పిలిచారు. పేర్ల జాబితా రాసుకుందామని ఎవరైనా పెన్ను తెచ్చుకుని ఉంటే ముందే చెప్పేస్తున్నాను, అలాంటి జాబితా ఏదీ నా దగ్గర లేదు. మన వైపు మొన్నమొన్నటి దాకా అర్థం చూసి పేరు పెట్టినవాళ్లు తక్కువ. ఎవరికి మొక్కుకుంటే బిడ్డ పుట్టాడో వాళ్ల పేరు పెట్టేవాళ్లు. కాబట్టి ఒక పేరు సంగతి తెలియాలంటే నిఘంటువు కన్నా ముందు ఆ ఊరి గుడి తెలియాలి.

ఒక ఆరు పేర్లు చెప్తాను. అప్పలరాజు, పానకాలు, పెంచలయ్య, ఓబులేసు, కదిరప్ప, యాదయ్య. వినడానికి ఒకదానికొకటి సంబంధమే లేదు కదా? ఆరుగురిదీ ఒకే దేవుడు, నరసింహస్వామి. సింహాచలంలో ఆయన్ని అప్పన్న అంటారు, అందుకే విజయనగరం, విశాఖపట్నం వైపు వీధికో అప్పలరాజు, అప్పలనాయుడు. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. అహోబలేశుడు జనం నోట్లో పడి ఓబులేసు అయ్యాడు. కదిరప్పది అనంతపురం పక్కన కదిరి. యాదయ్యది యాదగిరిగుట్ట. ఇక మంగళగిరి కొండ మీద స్వామికి బెల్లం పానకం శంఖంతో నోట్లో పోస్తారు. గుటగుటమని చప్పుడవుతుంది, సగం తాగి సగం భక్తుడికే వదిలేస్తాడని నమ్మకం. అందుకే ఆయన పానకాలస్వామి, ఆయనకి మొక్కుకుని కన్న కొడుకు పానకాలరావు. ఈ పేరుకి అర్థం చెప్పమంటే నిఘంటువు 'బెల్లపు నీళ్లు' అంటుంది. ఏం లాభం?

శివుడి వైపూ ఇదే కథ. పల్నాడు కోటయ్యది కోటప్పకొండ, కొమురయ్యది కొమురవెల్లి, ఐలయ్యది ఐనవోలు మల్లన్న, రాజయ్య, రాజేశంలది వేములవాడ రాజన్న. ఇలా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

అమ్మవారికి మొక్కుకుంటే మగపిల్లాడు పుట్టినప్పుడు ఏం చేయాలి? మనవాళ్లు పెద్దగా ఆలోచించలేదు, అమ్మ పేరుకే రాజు అనో అయ్య అనో తగిలించారు. విజయనగరం పైడితల్లి ఇచ్చినవాడు పైడిరాజు. అనకాపల్లి నూకాలమ్మ ఇచ్చినవాడు నూకరాజు. తుని దగ్గర లోవలో తలుపులమ్మ తల్లి ఉంది, ఆమె ఇచ్చినవాడు లోవరాజు. తెలంగాణ ఊళ్లలో పోచమ్మ ఇచ్చినవాడు పోచయ్య, ఎల్లమ్మ ఇచ్చినవాడు ఎల్లయ్య, మైసమ్మ ఇచ్చినవాడు మైసయ్య. మీసాలు తిప్పే మగాళ్లంతా అమ్మవార్ల పేర్లు మోస్తున్నారన్న మాట. ఈ ముచ్చట నాకు భలే ఇష్టం.

మొక్కుకి మతం కూడా అడ్డు రాలేదు. సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదన్నకి మొక్కుకున్న ఇళ్లలో సైదులు, సైదయ్య, సైదిరెడ్డి పుట్టారు. సయ్యద్‌కి మన 'లు' చేర్చి సైదులు చేసుకున్నాం. వెంకటేశ్వర్లు, ఆంజనేయులు చివర ఉన్నది కూడా ఈ 'లు'నే. అది బహువచనంలా కనిపిస్తుంది గానీ గౌరవం కోసం పెట్టింది. గుంటూరు, నెల్లూరు వైపు మస్తాన్‌వలీ పేరు మీద మస్తాన్‌రావులు, మస్తానయ్యలు ఉన్నారు. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండగకి పేరున్న ఊరు, అక్కడి కుళ్లాయిస్వామి పేరే కుళ్లాయప్ప. రాయలసీమలో దస్తగిరి అని పిలిస్తే ముస్లిం పలకొచ్చు, హిందువూ పలకొచ్చు. అందులో 'గిరి' ఉంది కదా, ఏదో కొండ పేరనుకుంటారు చాలామంది. కాదు, అది పారసీ మాట. దస్త్ అంటే చెయ్యి, దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదు. బాగ్దాదు నుంచి బయల్దేరిన మాట కడప పల్లెలో సంసారం పెట్టింది.

ఇప్పుడు కొంచెం బరువైన సంగతి. పెంటయ్య, పుల్లయ్య, తవిటినాయుడు, బిచ్చయ్య, భిక్షపతి. ఈ పేర్లు విని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ ఇంటి ఆడవాళ్లు చేసిన పని ఈ పేర్ల వెనకాల ఉంది. మళ్లీ కొడుకు పుట్టగానే వాణ్ణి చేటలో పడుకోబెట్టి, పక్కింటామెకి గుప్పెడు తవుడుకి అమ్మేసేవాళ్లు. బేరం అయిపోయింది, బిడ్డ ఆమెది. కాసేపటికి మళ్లీ ఆమె దగ్గర కొనుక్కునేవాళ్లు. ఈ ఇంట్లో పుట్టినవాడు కాదు, బయట నుంచి తవుడు పోసి తెచ్చుకున్నవాడు అని మృత్యువు ముందు ఒక అబద్ధం. వాడే తవుడు, తవిటయ్య, తవిటినాయుడు. కొన్ని ఇళ్లలో పెంటకుప్ప మీద దొర్లించి తెచ్చేవాళ్లు, వాడు పెంటయ్య. తిని పారేసిన విస్తరిని పుల్లాకు అంటారు, అందులో పడుకోబెట్టి తీస్తే పుల్లయ్య. కొందరికి ముక్కు కూడా కుట్టించేవాళ్లు. ముద్దొచ్చే పేరు పెడితే ఎవరి కన్నో పడుతుంది, పారేసిన వస్తువు పేరు పెడితే ఎవరూ పట్టించుకోరు. టీకాలు, ఆస్పత్రులు లేని కాలంలో తల్లి చేతిలో ఉన్న మందు ఈ ఒక్క పేరే. టీకాలు వచ్చాక ఈ పేర్లు తగ్గిపోయాయి, అందులో ఆశ్చర్యం లేదు.

దీన్ని ఇంకోదానితో కలిపి చూడకూడదు. మనుస్మృతి రెండో అధ్యాయంలో బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలం తెలిసేలా, వైశ్యుడిది ధనం తెలిసేలా, శూద్రుడిది జుగుప్స కలిగేలా ఉండాలని రాసి ఉంది. పుల్లయ్యలు అన్ని కులాల్లోనూ ఉన్నారు, అది తల్లి భయంతో పెట్టుకున్న పేరు. పై కులంవాడు 'ఒరేయ్ మల్లిగా' అని పిలిచింది మాత్రం అధికారం. ఇంట్లో పెట్టింది మల్లయ్య అయినా, దొర గుమ్మం ముందు 'అయ్య' ఊడిపోయి 'గాడు' వచ్చి చేరేది. క్రైస్తవంలోకి వెళ్లిన దళిత కుటుంబాల్లో ఏసురత్నం, దేవసహాయం, ఆశీర్వాదం, కృపావరం లాంటి పేర్లు వచ్చాయంటే అందులో భక్తితో పాటు ఆత్మగౌరవం కూడా ఉంది. మహాకవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. జాషువ హీబ్రూ పేరు, యెహోవాయే రక్షణ అని అర్థం. యేసు అన్న పేరు కూడా దీన్నుంచే గ్రీకు మీదుగా వచ్చింది.

పాత కాలంలో పేరు ముందు తల్లినో తండ్రినో చెప్పుకునేవాళ్లు. శాతవాహనుల్లో గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, ఇవి తల్లి వైపు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గరికి వస్తే తండ్రి వైపు. ప్రోలయ వేమారెడ్డి అంటే ప్రోలయ కొడుకు వేమారెడ్డి. తాత పేరు మనవడికి పెట్టడం మాత్రం నిన్నటి దాకా ఉంది. అక్కడో చిక్కు. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు, అదే పేరు కొడుక్కి పెట్టారు, మరి వాణ్ణి ఎలా పిలవాలి? తాతా అనే పిలిచేది. ఊయల్లో ఉండగానే తాతయ్య అయినవాళ్లు, తాతారావులు, తాతబ్బాయిలు గోదావరి వైపు ఎంతమందో.

దేశంలో గాలి మారినప్పుడు మొక్కు దేవుడి నుంచి నాయకుడి మీదికి మళ్లింది. బోసుబాబు, గాంధీ, నెహ్రూ, కమ్యూనిస్టు ఇళ్లలో లెనిన్, స్టాలిన్. నాస్తికవాది గోరా ఇంట్లో 1930లో, ఉప్పు సత్యాగ్రహం ఏడాది, కొడుకు పుడితే లవణం అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఆయన దేశమంతా తెలిసిన మనిషయ్యారు.

ఇక ఇప్పటి సంగతి. నక్షత్రం చూసి మొదటి అక్షరం తీసుకోవడం మామూలైపోయింది. అశ్వినికి చూ, చే, చో, లా, దానికి ఇబ్బంది లేదు. ఆర్ద్ర మూడో పాదానికి వచ్చిన అక్షరం మాత్రం 'ఙ'. హస్త మూడో పాదానికి 'ణ'. వాటితో పేరు పెట్టమని నేనెవరికీ సలహా ఇవ్వను. అక్షరం దొరికాక నెట్‌లో వెతుకుతారు, కొత్తగా ఉండాలి, అర్థమూ ఉండాలి, టెన్షన్ మొదలు. ఆరవ్ అంటే శాంతమూర్తి అని ఉంటుంది అక్కడ. సంస్కృత నిఘంటువు తీస్తే ఆరవం అంటే అరుపు, గోల. పసిపిల్లాడికి అంతకన్నా సరిపోయే పేరు ఇంకోటి లేదనుకోండి, ఆ మాట వేరు. అర్థమే కావాలనుకునేవాళ్లు కనీసం మంచి నిఘంటువు ఒకటి చూసి పెట్టుకోండి.

అయినా మొక్కు పూర్తిగా పోలేదు. పేరు చివర్లోంచి జారి ముందుకొచ్చింది. సర్టిఫికెట్‌లో వెంకట సాయి కార్తీక్ అని రాయిస్తారు. ఇంట్లో పిలిచేది కార్తీక్, వెంకటేశ్వరస్వామి ముందు మాటగా ఉండిపోయాడు. ఆ అబ్బాయి అమెరికా వెళ్తే అక్కడివాళ్లు మొదటి మాటే పేరనుకుని వెంకటా అని పిలుస్తారు. ఒకే టీములో ముగ్గురు వెంకటలు ఉండి, ఎవరిని పిలిచారో తెలియక ముగ్గురూ తల తిప్పుతారు.

మీ ఇళ్లలో ఇలాంటి పేర్లుంటే ఇప్పుడు అడగండి, మైకు అటు పంపిస్తారు.