డీజిల్‌కు బదులుగా: రాయగడ, గజపతి ఊళ్లలో ఏది నిలబడుతుంది?

అందరికీ నమస్కారం. ఈ సభలో ఒడిశాలోని గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి వైపు రైతులున్నారు, నూనె మిల్లులు నడిపేవాళ్లున్నారు, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కులున్నారు. అందుకని విధానాల మాట కొంచెం, ఇంజను మాట ఎక్కువ చెప్తాను.

కేంద్రం 2018లో తెచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి రెండు లక్ష్యాలు పెట్టుకుంది: పెట్రోలులో ఇథనాల్ 20 శాతం, డీజిల్‌లో బయోడీజిల్ 5 శాతం. 2022 సవరణలో ఇథనాల్ గడువును 2025-26కి ముందుకు జరిపారు, దాదాపు ఆ అంకెను అందుకున్నారు కూడా. బయోడీజిల్ మాత్రం ఒక శాతం దగ్గరకే రాలేదు. ఇథనాల్‌కు చెరుకు, మొక్కజొన్న, బియ్యం ఉన్నాయి, ముందే ప్రకటించిన కొనుగోలు ధర ఉంది. బయోడీజిల్ అంటే మిథనాల్, కాస్టిక్ సోడాలతో నూనెను మార్చి చేసే ఇంధనం, కాబట్టి దానికి కావాల్సింది నూనె. వంటనూనెలోనే సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం మనది. ఏటా మనం కాల్చే డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు. దానిలో 5 శాతమంటే 45 లక్షల టన్నులు. తినడానికి పనికిరాని నూనె అంత ఎక్కడుంది? 2021లో చమురు కంపెనీలకు అమ్మే బయోడీజిల్ మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించారు. మంచిదే. కాని లేని నూనెకు పన్ను తగ్గించి ఏం లాభం?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 2003లో ప్రణాళికా సంఘం జట్రోఫాను, అదే అడవాముదాన్ని, బీడు భూముల్లో పెంచమంది. 2009 విధానమైతే 2017కల్లా 20 శాతం కలుపుతామంది. బీడులో నీళ్లు లేకుండా మొక్క బతుకుతుంది, నిజమే. బతకడం వేరు, కాయడం వేరు. కాయలన్నీ ఒక్కసారి పండవు కాబట్టి మళ్లీ మళ్లీ కోతకు కూలీ కట్టాలి. గింజ విషం, నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు పెట్టలేం. ఎవరైనా మొక్కలు తెచ్చి, నాటండి, కొనుక్కుంటాం అంటే, ఏ ధరకు, ఎన్నేళ్లు, కొనకపోతే ఏమిటి అన్నది కాగితం మీద రాయించుకోండి. రాయనంటే నాటకండి.

మన కొండల్లో నాటకుండానే ఉన్నవి కానుగ, ఇప్ప. లెక్క కానుగతో వేద్దాం. నూనె ఆడించే యంత్రం ఎక్స్‌పెల్లర్‌లో నాలుగు కిలోల పిక్కలాడిస్తే కిలో నూనె దిగుతుంది, అంటే లీటరుకు కాస్త ఎక్కువ. 2020లో చిన్న అటవీ ఉత్పత్తులకు ప్రకటించిన మద్దతు ధర కానుగ పిక్కలకు కిలో 22 రూపాయలు, ఇప్ప పిక్కలకు 29. ఆ ధరకు కొంటే లీటరు నూనెకు ఒక్క పిక్కల ఖర్చే 80 రూపాయలు దాటుతుంది. దాని మీద ఆడించే కూలి, మిథనాల్, కాస్టిక్ సోడా. బంకు డీజిల్‌తో ఇది పోటీ పడదు. కొని, తయారుచేసి, అమ్మే వ్యాపారంగా కానుగ బయోడీజిల్ ఇక్కడ గిట్టదని నా అభిప్రాయం.

గిట్టే చోటు ఒకటుంది. పిక్కలు ఏరేదీ, ఆడించేదీ, కాల్చేదీ ఒకే ఊరైనప్పుడు. మిగిలిన మూడు కిలోల చెక్క పొలానికి ఎరువైనప్పుడు. డీజిల్ డబ్బా కొండెక్కించడమే పెద్ద ఖర్చైనప్పుడు. గంజాం జిల్లా మొహుడా కేంద్రంగా పనిచేసే గ్రామ వికాస్ సంస్థ 2000ల్లో గజపతి జిల్లా కించ్లింగి లాంటి ఊళ్లలో చేసింది ఇదే. కాళ్లతో తొక్కే చిన్న రియాక్టరు, విడతకు 5 లీటర్లు, ఇప్ప, కానుగ, వలిసెల నూనె. తయారైన బయోడీజిల్‌తో ఊరి నీళ్ల పంపు ఆడింది.

తయారీలో చెడేది ఎక్కువగా మొదట్లోనే, నూనెలోనే. వానకు తడిసిన పిక్కలు, నెలల తరబడి గోతాల్లో మాగిన పిక్కలు ఆడిస్తే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లం సోడాను తినేసి సబ్బవుతుంది. అందుకే ముందు పరీక్ష. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము కాస్టిక్ సోడా కలిపి పెట్టుకోండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, సిరంజితో సోడా నీళ్లు చుక్కచుక్కగా వదలండి. గులాబీ రంగు వచ్చి అర నిమిషం నిలవాలి. ఎన్ని మి.లీ. పట్టిందో లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనం. అసలు మోతాదు లీటరుకు 3.5 గ్రాములు. 2 మి.లీ. పట్టిందనుకోండి, లీటరుకు 5.5 గ్రాములు, 20 లీటర్లకు 110 గ్రాములు. మిథనాల్ నూనెలో ఐదో వంతు, అంటే 4 లీటర్లు. 4 మి.లీ. దాటితే ఆమ్లం 3 శాతం దాటినట్టు. ఇప్ప నూనె తరచూ ఇలాగే ఉంటుంది. అప్పుడు నేరుగా సోడా వేస్తే బయోడీజిల్ రాదు, సబ్బు ముద్ద వస్తుంది. ముందు మిథనాల్, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత నడిపి, ఊరిన నీటిని తీసేసి, ఆ తర్వాతే సోడా.

నూనెలో నీరుంటే ముందే 110 డిగ్రీల దాకా కాచి, చిటపటలు ఆగాక 55కు చల్లార్చాలి. మిథనాల్ 65 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి వేడి 60 దాటనీయకూడదు. పొయ్యి పూర్తిగా ఆర్పాకే మిథనాల్ డబ్బా మూత తియ్యాలి. దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగా ఆనదు, ఆవిరి పీలిస్తే, ఒంటి మీద పడితే విషం. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని వద్దు. నిల్వకు అనుమతులు కావాలి. అల్యూమినియం గిన్నెలు అసలు పనికిరావు, సోడా వాటిని తినేస్తుంది. స్టీలు గానీ హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బా గానీ వాడండి. సోడా మిథనాల్‌లో పూర్తిగా కరిగాకే నూనెలో పోసి గంటసేపు కలపండి. రాత్రంతా కదపకుండా వదిలేస్తే నల్లటి గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది. పైది తీసి గోరువెచ్చని నీళ్లతో మూడుసార్లు కడగాలి. మొదటిసారి మెల్లగా పొయ్యండి. మజ్జిగ చిలికినట్టు కుదిపారా, నూనె, నీళ్లు, సబ్బు ఒకటైపోయి రోజులైనా విడవవు. గ్లిజరిన్‌లో, కడిగిన నీళ్లలో మిథనాల్ ఉంటుంది, చెరువులోకి వదలకండి.

తయారైంది మంచిదో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి కుదపండి. పూర్తిగా కలిసి తేటగా ఉంటే మంచిది. అడుగున చుక్కలు దిగితే మారని నూనె మిగిలిందన్నమాట. ఇదే పరీక్ష రోడ్డు పక్క ‘బయోడీజిల్’ బంకులకూ పనికొస్తుంది. మామూలు డీజిల్ గానీ పారిశ్రామిక నూనె గానీ మిథనాల్‌లో కరగదు, అడుగున పొరగా నిలుస్తుంది. 2019 మార్గదర్శకాల ప్రకారం బంకులో అమ్మాల్సింది డీజిల్‌లో కలుపుకోవడానికి వీలైన నూరు శాతం బయోడీజిల్, అదీ బయోడీజిల్‌కున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15607కు సరిపోయేది. లీటరుకు పది రూపాయలు తక్కువంటూ ఏదో కలిపి అమ్మితే లారీ పంపు, నాజిళ్ల ఖరీదు మీ నెత్తినే పడుతుంది.

మెకానిక్కులకు ఒక మాట. బయోడీజిల్ పాత ట్యాంకులోని మురికిని కరిగించి ఫిల్టరు మీదికి తోస్తుంది. మొదటి రెండు మూడు ట్యాంకులకు స్పేర్ ఫిల్టరు దగ్గర పెట్టుకోండి, ‘నూనె చెడ్డది’ అని తొందరపడి తీర్పివ్వకండి. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. ఆరు నెలలకు మించి నిల్వ వద్దు. శీతాకాలంలో కోరాపుట్ కొండల్లోని పొట్టంగి, సెమిలిగుడ ఎత్తున ఇప్ప బయోడీజిల్ చిక్కబడి ఫిల్టరు దాటదు, అక్కడ డీజిల్‌లో ఐదో వంతుకు మించి కలపకండి. మార్చని పచ్చి నూనె పొయ్యడం మాత్రం ఏ ఇంజనుకూ మంచిది కాదు. డీజిల్ కంటే సుమారు పదింతలు చిక్కన, నాజిల్ మీద మసి పేరుకుని పిస్టన్ రింగులు బిగుసుకుంటాయి.

వాడేసిన వంటనూనె సంగతి కొస్తే, దీనికి ప్రభుత్వ మార్గం తయారుగా ఉంది, మనమే వాడుకోవడం లేదు. వేపిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె కాగి కాగి చెడి ఏర్పడేవి, 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం, 2018 నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు పైగా వాడే హోటళ్లు లెక్క రాసి, గుర్తింపున్న సేకరణదారుకే ఇవ్వాలి. పకోడీ బండ్లు ఒక్కొక్కటీ అంత వాడవు. పది బండ్లు కలిసి చల్లారిన నూనెను వడగట్టి, నీళ్లు తగలకుండా ఒకే డ్రమ్ములో చేరిస్తేనే సేకరణ బండి రాయగడ దాకా వస్తుంది. ఆ నూనె చవగ్గా తిరిగి ఇంకో బాణలిలోకి వెళ్లే దారి కూడా మూసుకుంటుంది.

పొలం పంపు మాటకొస్తే బయోడీజిల్ కంటే సౌరపంపే మేలు. 5 హెచ్‌పీ డీజిల్ పంపు గంటకు లీటరు తాగుతుంది. 2019లో మొదలైన కేంద్ర సౌరపంపుల పథకం పీఎం-కుసుమ్‌లో కరెంటు లేని పొలాలకు 7.5 హెచ్‌పీ దాకా పంపు ధరలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరిస్తాయి. ఈ పథకం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు డబ్బు లాగుతున్నాయి, జిల్లా వ్యవసాయ కార్యాలయంలో అడగకుండా ఎక్కడా కట్టకండి. పంపును హెచ్‌పీ చూసి కాదు, నీటిమట్టం నుంచి పైపు చివరి దాకా ఉన్న ఎత్తు చూసి ఎంచుకోవాలి. వేసవిలో నీరు ఎంత లోతుకు దిగుతుందో ఆ కొలతే ఇవ్వండి. నేల మీద పెట్టే పంపు ఏడు మీటర్లకు మించి పీల్చలేదు, అంతకంటే లోతుకు సబ్మెర్సిబులే. పలకలు దక్షిణానికి, 18, 19 డిగ్రీల వాలులో ఉండాలి. ఒక మూల మీద చెట్టు నీడ పడినా వరుస మొత్తం నీరసిస్తుంది. మబ్బు రోజున పంపు సరిగా ఆడదు, ఆ రోజున నీళ్ల అవసరమూ తక్కువే. అసలు భయం పిడుగు. బిగించినవాళ్లు పూర్తయిందని కాగితం చూపిస్తే, సంతకానికి ముందు ఎర్తింగ్ కడ్డీలు, పిడుగు నిరోధకం చూపించమనండి, అయిదేళ్ల నిర్వహణ, బీమా పత్రం చేతికి తీసుకోండి.